చాప మీద మాట

వామనమూర్తిగారికి ఒక అలవాటుంది. శిష్యుడు పద్యంలో తప్పు చేస్తే అక్కడికక్కడే దిద్దుతారు. బతుకు గురించి ఏదైనా అడిగితే మాత్రం హార్మోనీ మూసేసి, ఎప్పుడో జరిగిన సంగతొకటి చెబుతారు. అవునో కాదో తేల్చి చెప్పరు. తేల్చమని నిలదీసినవాళ్లూ లేకపోలేదు. వాళ్లకి గ్లాసెడు మజ్జిగ ఇచ్చి సాగనంపుతారు.

ఆ రోజు అడిగినవాడు నరహరి. బ్యాంకులో ఆఫీసరు, గొంతు మంచిది, కోపం కూడా తొందరగానే వస్తుంది. ఎన్నికల సెలవు కావడంతో ఎండలో చాలాసేపు నిలబడి ఓటేసి, అటునుంచి అటే పాఠానికి వచ్చాడు. చాప మీద కూలబడుతూనే మొదలుపెట్టాడు.

"గురువుగారూ, నెలనెలా నా జీతం చేతికి రాకముందే పన్ను కోసేసుకుంటారు. పొద్దస్తమానం అరుగు మీద పేకాడేవాడిదీ ఒక ఓటే, నాదీ ఒక ఓటే. పన్ను కట్టేవాడికో, పోనీ ఏదో ఒక పని చేసుకునేవాడికో ఓటుంటే చాలదూ? బరువు మోసేది ఒకడూ, దారి చెప్పేది ఇంకొకడూనా?"

వామనమూర్తిగారు హార్మోనీ మూశారు. "నాకు పద్యం నేర్పింది పుండరీకంగారని నీకు తెలుసుగా. ఆయన భార్య సంగతి నీకెప్పుడైనా చెప్పానా?" అన్నారు. నరహరి లేదన్నాడు. ఆయన చెప్పినది ఇది.

సింగరాజువారి నాటక సమాజం అని ఒకటుండేది. తెరలూ రంగులపెట్టెలూ గిన్నెలూ పిల్లలూ అన్నీ ఎడ్లబండ్ల మీద వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. ఒక ఊళ్లో జనం పలచబడగానే ఇంకో ఊరికి మకాం మార్చాలి. ఎక్కడికి, ఎప్పుడు అన్నది ఆట లేని రోజు పొద్దున్నే డేరాలో పెద్ద చాప పరుచుకుని, అందరూ చుట్టూ చేరి తేల్చుకునేవారు. పసిపిల్లల తల్లులూ, వంటవాళ్లూ, వేళ్లు వంకరపోయి మృదంగం మానేసిన తాత కూడా ఆ చాప మీదే కూర్చుని తలో మాటా అనేవారు.

ఒక ఏడు ఆ ముసలివాళ్లూ తల్లులూ కలిసి, ఎండలు ముదిరాయి, ఇప్పుడు కదలొద్దని పట్టుబట్టారు. మంచి ఊరొకటి చేజారి ఇంకో సమాజానికి పోయింది. ఆ తర్వాత చాన్నాళ్లు అందరూ జొన్నగంజి తాగారు. సమాజానికి పెద్ద జోగినాథం. చెడ్డవాడేమీ కాదు, అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి. ఆయన నెమ్మదిగానే అన్నాడు. "రంగు పూసుకున్నవాళ్ల వల్ల మన పొయ్యి వెలుగుతోంది. ఇకమీదట వేషం ఉన్నవాళ్లే చాప మీద కూర్చుందాం. వాళ్ల మాటే మాట."

అందరికీ న్యాయంగానే తోచింది. అందరికన్నా ముందు తలూపింది భ్రమరాంబ. ఊపదూ మరి, సగం జనం ఆమె గొంతు కోసమే టిక్కెట్టు కొనేవాళ్లు! రాణి వేషంలో ఆమె పద్యం ఎత్తుకుంటే చంటిపిల్లలు సైతం గోల మానేవారట. ఆమె భర్తే పుండరీకం. అప్పట్లో ఆయనవి దూత వేషాలూ, ద్వారపాలకుడి వేషాలూను. పెళ్లాం తలూపిన తీరు చూసి ఆ రోజు ఆయన గర్వపడ్డాడు. మృదంగం తాత మాత్రం కండువా దులుపుకుని లేచి, డేరా గుంజ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. అటువైపు ఎవరూ చూడలేదు.

రెండేళ్లు తిరిగాయి. భ్రమరాంబ కడుపుతో ఉంది. అంతకుముందు ఒక కాన్పు ఎక్కడో బండి దారిలో జరిగి, బిడ్డ పోయింది. ఈసారి నడుముకి వడ్డాణం పట్టనప్పటినుంచీ వేషం మానేసింది. అప్పుడు మకాం మునేటికి ఇవతలి ఒడ్డున ఒక పేటలో. అక్కడ చేయి తిరిగిన మంత్రసాని ఉంది. ఆవిడ భ్రమరాంబ కడుపు తడిమి చూసి, "బిడ్డ అడ్డంగా ఉంది తల్లీ. భయపడకు, నేను తిప్పుతా. కాన్పయ్యేదాకా మాత్రం నా చేతికందే దూరంలో ఉండు," అంది.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. డేరా కారుతోంది, జనం రావడం లేదు, బియ్యం అడుగంటాయి. ఏటికి అవతలి ఊరి షావుకారు, తన మిల్లు గోదాములో ఆటలు ఆడించుకుంటాననీ, తిండి కూడా తనదేననీ కబురు పెట్టాడు. చాప పరిచారు.

ఆ పొద్దున భ్రమరాంబ భర్తకి కండువా అందిస్తూ అడిగింది. "నాకా చాప మీద చోటు లేదు. నా మాట మీరు చెప్పండి. ఈ ఒక్క కాన్పూ ఇక్కడ కానివ్వమనండి. ఏరు పొంగిందంటే మళ్లీ ఇటు రాలేం."

"చెబుతాలేవే, నేను లేనూ?" అన్నాడు పుండరీకం. మనస్ఫూర్తిగానే అన్నాడు.

చాప మీద జోగినాథం సంగతంతా వివరించాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఇక్కడుంటే పస్తులే. చివర్న పుండరీకం వైపు తిరిగి, "ఒరేయ్, షావుకారు కొత్త నాటకం అడుగుతున్నాడు. నాయక వేషం నీకిద్దామనుకుంటున్నా," అన్నాడు. పుండరీకం ఎన్నేళ్లనుంచో ఆశపడ్డ వేషం అది. నేనొక్కణ్ణీ కాదంటే ఆగుతుందా, అవతలా ఎవరో ఒక మంత్రసాని ఉండకపోతుందా, వచ్చే డబ్బులు దాని కాన్పుకేగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అందరి చేతులతోపాటు ఆయన చెయ్యీ లేచింది.

భ్రమరాంబ గుంజ దగ్గర, తాత పక్కన నిలబడి ఉంది. భర్త చెయ్యి చూసింది. తర్వాత జోగినాథాన్ని అడిగింది. "బాబాయ్, నాదొక మాట."

జోగినాథం విసుక్కోలేదు. "అమ్మాయ్, ఈ పద్ధతికి ముందు తలూపింది నువ్వే కదా. ఒకరికోసం తప్పితే రేపు అందరికోసమూ తప్పాలి. కాన్పు కానీ, మళ్లీ వేషం కడతావు, మళ్లీ చాప మీద కూర్చుంటావు. అప్పుడు నీ మాటకి అడ్డమెవరు?"

"అప్పుడు నేనడిగేదేముంటుంది బాబాయ్?" అంది భ్రమరాంబ.

చాప చుట్టేశారు. మర్నాడు బండ్లు కట్టి, తెరల మూటల మీద మెత్తగా దుప్పటి పరిచి ఆమెను కూర్చోబెట్టారు. ఏరు మోకాటి లోతే ఉంది, సులువుగానే దాటారు. దారి పొడుగునా పుండరీకం వెనక బండి పక్కనే నడిచాడు. ఆయనకి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

ఆ వారంలోనే ఏరు పొంగింది. ఒక సాయంత్రం గోదాము కిక్కిరిసిపోయింది, పుండరీకం నాయక వేషంలో ఉన్నాడు. వెనక గదిలో ఆమెకి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఆ ఊళ్లో పురుళ్లు పోసే ముసలమ్మ ఒకతి వచ్చి చూసి, అడ్డం తిరిగిన బిడ్డ తన వల్ల కాదంది. పేటలోని మంత్రసానిని తీసుకురమ్మని జోగినాథమే వానలో రేవుకి పరుగెత్తాడు. పడవవాడి కాళ్లు పట్టుకున్నాడట. ఆ నీళ్లలో పడవ వెయ్యలేనని వాడూ ఏడ్చాడట.

బిడ్డ దక్కలేదు. తెల్లారేసరికి తల్లి కూడా దక్కలేదు. కిరీటం తీసేసి, ముఖాన రంగు అలాగే ఉండగా పుండరీకం ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ ముఖం కడుక్కోమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ప్రాణం పోయేముందు ఆమె ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని ఆయన ముసలితనంలో శిష్యుల ముందు వెక్కివెక్కి ఏడ్చేవాడు.

వామనమూర్తిగారు ఇక్కడికి ఆపేశారు. నరహరి లెక్కలు చూసే మనిషి, ఊరుకోలేకపోయాడు.

"తప్పు ఆ భర్తది కదండీ గురువుగారూ? చాప మీద కూర్చున్నందుకు భార్య తరఫున ఆయన నోరు విప్పితే సరిపోయేది. పద్ధతిదేముంది ఇందులో?"

"ఆయన కూడా పోయేదాకా అదే అన్నాడు, తప్పంతా నాదేనని," అన్నారు వామనమూర్తిగారు. హార్మోనీ తెరిచి, శ్రుతి పట్టబోయి, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"బండి ఎక్కించేటప్పుడు మాత్రం, ఆమెకి వేషం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు నాయనా."