ఉట్టి మీద అమ్మ పెరుగు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడమ్మ అనే పిల్ల ఉండేది. నీకంటే కాస్త పెద్దది, అంతే. అమ్మ, నాన్న, ఇంకా మాటలు సరిగ్గా రాని తమ్ముడు, ఒక పాడిగేదె. అదే వాళ్ళ సంసారం.

ఒక వానాకాలం అమ్మకి జ్వరం వచ్చింది. అంత జ్వరంలోనూ సాయంత్రం లేచి, పాలు కాచి, తోడు వేసి, ముంత మీద మూత పెట్టి పడుకుంది. తెల్లారేసరికి పెరుగు తోడుకుంది. అమ్మ మాత్రం లేవలేదు.

అవును నాన్నా, చచ్చిపోయింది. కథల్లో కూడా అమ్మలు పోతారు. నా కొంగు పట్టుకో, చెబుతాను.

అమ్మని సాగనంపి వచ్చాక పైడమ్మ ఏం చేసిందంటే, ఆ పెరుగు ముంతని ఎవరికీ అందకుండా ఉట్టి మీద పెట్టేసింది. అది అమ్మ చేతి ఆఖరి పెరుగు. అది ఉన్నంతసేపూ అమ్మ ఉన్నట్టే అనిపించేది ఆ పిల్లకి. రేపు అనే మాట వింటేనే ఒళ్ళు మండేది. రేపట్లో అమ్మ లేదుగా మరి!

మొదటి రోజు నాన్న పాలు పితికి తెచ్చి, "తోడెయ్యమ్మా" అన్నాడు.

"ఆ పెరుగు ముట్టుకోడానికి నేదు" అంది పైడమ్మ. నాన్న కళ్ళు తుడుచుకుని ఊరుకున్నాడు.

రెండో రోజు తమ్ముడు పెరుగన్నం కోసం గుక్కపట్టి ఏడ్చాడు. వాడికి అది లేకపోతే ముద్ద దిగదు. వాడితో పాటు తనూ ఏడ్చింది గాని, ముంత దించలేదు. మొండిఘటం!

మూడో రోజు ఇల్లంతా పులిసిన వాసన. అప్పుడు పైడమ్మ పీట ఎక్కి మూత తీసింది. పెరుగంతా బూజు పట్టేసింది. "మా అమ్మని నేనే పాడుసేసినాను" అని ముంత ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఏడుపు.

ఆ ఏడుపు విని పక్కింటి నర్సమ్మత్త వచ్చింది. ముంత చూసింది, పిల్లని చూసింది. ఇంటికెళ్ళి, గిన్నెలో కాస్త పెరుగు తెచ్చింది.

"నాకొద్దు. అది మా అమ్మది కాదు" అంది పైడమ్మ.

"మీ అమ్మదేనే. మా గేదె ఈనినాక తోడుకి మీ ఇంటికే వచ్చినాను. మీ అమ్మ చేత్తో ఇచ్చింది. అప్పట్నుంచీ ఏ రోజు పెరుగులోంచి ఆ రోజే మర్నాటికి తోడు తీసి ఉంచుతున్నాను. నాకిచ్చింది కాబట్టి ఇది ఉంది. నువ్వు దాసీసినావు కాబట్టి అది పోనాది. నీ తప్పు నేదమ్మా, సిన్నదానివి, నీకేటి తెలుసు."

పైడమ్మ ఆ గిన్నె అందుకుంది. సాయంత్రం తనే పాలు కాచింది. అమ్మలాగే వేలు ముంచి చూసి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేసింది. అసలు తెల్లారకూడదనుకున్న పిల్ల, ఎప్పుడు తెల్లారుతుందా అని ఎదురుచూసింది.

తెల్లారింది. పెరుగు గడ్డగా తోడుకుంది. తమ్ముడు కంచం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఉండరా" అని, పైడమ్మ ముందుగా చెంచాడు పెరుగు చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టింది.

"అదెవరికమ్మా?" అన్నాడు నాన్న.

"రేపటికి" అంది పైడమ్మ. అప్పుడు తమ్ముడికి వడ్డించింది.

కథ నడిచింది కంచి దాకా,
కళ్ళు మూసుకో తెల్లారేదాకా.