మోట ఎద్దు దరఖాస్తు

ఏనుగుకొండ మీది పెద్దబడి పేరెత్తితే పులి కూడా గొంతు తగ్గించేది. అక్కడ చెప్పేది నీళ్ల చదువు. భూమిలోపల ఏ ఊట ఎటు పోతోందో, ఎక్కడ తవ్వితే జల పడుతుందో నేర్పేది ముసలి ఏనుగమ్మ. ఆమెకి చూపు పోయి చాలా ఏళ్లయింది. అయినా పాదం నేలకి ఆనించి నిలబడితే ఆమడ దూరంలో కదిలే నీళ్లు తెలిసేవట. నేనైతే ఆ మాట తలచుకున్నప్పుడల్లా నా అరికాళ్ల కేసి చూసుకుంటాను, ఇవి ఎందుకు పనికొచ్చాయా అని.

లోయకి ఒక్కటే సీటు. దరఖాస్తు తాటాకు మీద రాయించి, కింద బంకమట్టి అద్ది, సొంత కాలిముద్ర వేసి, గడువు రోజు పొద్దు గూకేలోగా కొండెక్కి ఇవ్వాలి.

చింతలలోయలో బావి ఎండిపోతోంది. ఈ ఏడు ఎవరో ఒకరు ఆ చదువు చదివి రాకపోతే వచ్చే ఎండాకాలానికి అక్కడ దూడ అనేది మిగలదు. ఆ బెంగతోనే ఆ బావి దగ్గర మోట లాగే ఎద్దు చదువుకోవాలనుకుంది. అయితే వెళదాం, వెళదాం అంటూ గడువు రోజు దాకా ఆగి, అప్పుడు పరిగెత్తింది నక్క దగ్గరికి. ఎద్దు కూడబలుక్కుని చదవగలదు గానీ రాయలేదు. ఆ లోయలో రాత వచ్చింది నక్కకే.

"చెప్పు బావా, నీ గొప్పలేంటో" అంది నక్క.

"నాకేం గొప్పలుంటాయి బావా? బావి పక్క ఏటవాలు మీద కిందికి నడిస్తే తాడుకి కట్టిన తోలు బొక్కెన, అదే మోట, నీళ్లతో పైకొస్తుంది. మళ్లీ మొహం తిప్పకుండా వెనకడుగులు వేస్తూ ఎక్కితే మోట లోపలికి దిగుతుంది. నిరుడు ఇరవై అడుగులకి నీళ్లు తగిలేవి. ఇప్పుడు ముప్ఫై ఒకటి."

"ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! ఏనుగమ్మకి చెప్పుకునే మాటలా ఇవి? నేను దివ్యంగా రాస్తాలే, నువ్వు గిట్ట నొక్కు."

"ఒకసారి చదువుకోనీ."

"నువ్వు చదివేసరికి పొద్దు గూకుతుంది. నా మీద నమ్మకం లేదా?"

ఎద్దు మొహమాటపడి గిట్ట నొక్కింది. నక్క నవ్వుకుంది. అది ఎద్దు చేతికిచ్చింది నిరుడు పక్క లోయలో సీటు కొట్టిన నెమలి దరఖాస్తుకి నకలు. ఎద్దు చెప్పిన మాటలన్నీ ఇంకో ఆకు మీద రాసి, దాని కింద నక్క తన కాలిముద్ర వేసుకుంది. ఊట దారి తన గుప్పిట్లో ఉంటే లోయంతా తన ముందు తల వంచాల్సిందే మరి!

కొండ మీద ఏనుగమ్మని చూడగానే ఎద్దు తన ఆకు ఇచ్చేసి ఓ పక్కకి ఒదిగి నిలబడింది. ఆమె ఊపిరి వదిలినప్పుడు గుమ్మం దగ్గరి దుమ్ము లేచి, మెల్లగా మళ్లీ సర్దుకునేది. గోరువంక ఒక్కో దరఖాస్తూ పైకి చదువుతోంది.

"నేను పురి విప్పితే మబ్బులే దిగొస్తాయి. నా ఈకల అందం..."

చదివి, ఈ గిట్ట ముద్ర ఎవరిదని అడిగింది గోరువంక. ఎద్దు ముందుకొచ్చింది. దరఖాస్తులు తెచ్చిన వాళ్లంతా గొల్లున నవ్వారు.

ఏనుగమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంత బరువైన అడుగు వేసే నెమలివా, నాయనా?"

"కాదమ్మా. చదవకుండా ముద్ర వేశాను." ఎద్దు సిగ్గుతో పక్కకి జరిగింది. దాని కళ్ల ముందు ఎండిన బావే కనిపిస్తోంది.

గోరువంక రెండో ఆకు తీసింది. ఇరవై అడుగులు, ముప్ఫై ఒకటి... తన మాటలు తనకే వినిపించి ఎద్దు చెవులు నిక్కబొడుచుకుంది. ముందుకొచ్చింది మాత్రం నక్క.

ఏనుగమ్మ గొంతులో గౌరవం వినిపించింది. "ఎంత మంచి మాట! ఏదీ, ఈ ఏటవాలు మీద మోట దింపినట్టు నడు."

నక్క వెనక్కి రెండడుగులు వేసింది. మూడో అడుగుకి తోక కాళ్లకి అడ్డంపడి వెల్లకిలా పడింది.

"ఇవాళ కాలు బెణికిందమ్మా!"

"మోట లాగిన కాలు ఇంత తేలిగ్గా పడదు నాయనా. ఈ మాటలు ఎవరివో వాళ్లు నడవండి."

ఎద్దు కదిలింది. తల వంచి, మీద తాడు ఉన్నట్టే మెడ బిగించి, వెనక్కి చూడకుండా ఒక్కో అడుగూ ఎక్కింది. ముప్ఫై ఒకటో అడుగు దగ్గర ఆగి మెడ వదులు చేసింది. "ఇక్కడ నీళ్లమ్మా. ఉత్తరం గాలి తోలిన మర్నాడు మాత్రం రెండడుగులు ముందే తగులుతాయి. ఆ రోజు తూర్పు గోడ చెమ్మగా ఉంటుంది."

ఏనుగమ్మ పాదం నేలకి ఆనించి అలాగే ఉండిపోయింది.  అంత పెద్ద ప్రాణి అంత శ్రద్ధగా వినడం చూసి గోరువంక కూడా రెక్కలు ముడుచుకుంది.

"అరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. వెనక్కి నడుస్తూ బావిని చదివినవాణ్ణి ఇప్పుడే చూశాను" అందామె. "ఆకు మీది మాటలు నీవి, ముద్ర నీది కాదు. అది చెరిపి నీది వెయ్యి. ఈసారి చదువుకుని వెయ్యి."

పడమట సగం సూర్యుడే మిగిలాడు. తొందరపెడదామని గోరువంక రెక్క ఎత్తింది. ఏనుగమ్మ తొండంతో ఆపింది. ఎద్దు అక్షరం అక్షరం కూడబలుక్కుని, చివరి మాట దాకా చదివి, గిట్ట నొక్కింది. అప్పుడు ఆ కొండంత ఏనుగు గుమ్మంలోంచి పక్కకి జరిగి ఎద్దుకి దారిచ్చింది.

నక్క కనబడలేదు. అందరి మొహాలూ చూస్తూ వెనకడుగులు వేసుకుంటూ జారుకుందట. అప్పుడు మాత్రం తోక అడ్డం రాలేదు.

నీతి: అరువు మాట గుమ్మం దాకానే తెస్తుంది, గుమ్మం దాటించేది సొంత అడుగే.