సిలువమ్మకు అందని గిన్నె

"దిద్దినవాడు పోయాక ఆ దిద్దుబాటు నిలుస్తుందా అయ్యగారూ?"

అడిగినవాడు గమలీయేలు. క్రైస్తవ బోధకులను తయారుచేసే మా వేదపాఠశాలలో చదువుకునేవాళ్ళందరిలోకీ వయసులో పెద్దవాడు. ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లల తండ్రి. పదకొండేళ్ళు బడిపంతులుగా చేసి, ఆ ఉద్యోగం మానుకుని బోధకుడు కావాలని వచ్చాడు. ఆ పూట మాకు సంఘ చరిత్ర పాఠం జరిగింది. ఎప్పుడో జర్మనీ దేశంలో ఒక సన్యాసి ఒంటరిగా నిలబడి పెద్ద పెద్దవాళ్ళని ఎదిరించి సంఘాన్ని దిద్దిన సంగతి విన్నాం. అందరం నోట్సు మూసేసి లేవబోతుంటే గమలీయేలు ఈ మాట అడిగాడు. ఊరికే అడగలేదు. మరుసటి వారం అతన్ని సొంత ఊరి సంఘానికే పంపుతున్నారు. ఆ గుడిలో రెండు కులాలవాళ్ళు రెండు వరుసల్లో కూర్చుంటారు, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ వదిలేసి. ఆ వరుసలు కలపాలని అతని కోరిక. కలిపితే మామగారితో మాటలుండవు. ఆయన అక్కడ సంఘ పెద్ద.

పాఠం చెప్పిన ఓబద్యా అయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎవరేం అడిగినా ఆయన అవుననీ కాదనీ చెప్పరు. బదులుగా ఎవరి సంగతో చెబుతారు. ఆ రోజు మాత్రం తన సంగతే చెప్పారు. అది నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

రేవులపాలెం కాలవ దగ్గర రెండు పేటలున్నాయి. తూర్పు పేటది ఒక కులం, పడమటి పేటది ఇంకొకటి. ఊరు ఆ రెండు పేటలనూ ఒకే దూరంలో నిలబెట్టింది గాని, అవి ఒకదాన్నొకటి ఇంకొంచెం దూరంగా నిలబెట్టుకున్నాయి. రెండు పేటలవాళ్ళూ క్రైస్తవులయ్యారు. ఒకే గుడి, ఒకే బైబిలు. ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల మీద మాత్రం పేటకొకటి చొప్పున రెండు గిన్నెలు.

తూర్పు పేటలో జక్కరయ్య అనే ఉపదేశి, అంటే మిషను దొరగారి కింద వాక్యం చెప్పేవాడు, ఉండేవాడు. పదహారేళ్ళు వచ్చాక అక్షరాలు దిద్దినవాడు. భుజాన సంచి వేసుకుని ఊరూరా సువార్త పుస్తకాలు అమ్ముతూ, నడకలోనే చదువుతూ, బైబిలు మొత్తం మూడుసార్లు పూర్తిచేశాడు. మూడోసారి ముగించాక నేరుగా దొరగారి బంగళాకి వెళ్ళాడు.

"దొరగారూ, ఈ గ్రంథంలో రెండో గిన్నె ఎక్కడుందో నాకు కనబడలేదు. మీకు కనబడితే చూపించండి" అన్నాడు.

దొరగారు మంచివాడే. "నిదానంగా జక్కరయ్యా. మనుషులు సిద్ధపడాలి" అన్నారు.

"సిద్ధపడ్డవాళ్ళనే పిలిచుంటే, ఆ బల్ల దగ్గరికి మొదట నేనే వచ్చేవాణ్ణి కాదు."

ఆ ఆదివారం జక్కరయ్య అందరి ఎదుటా రెండో గిన్నెలోని ద్రాక్షారసాన్ని మొదటి గిన్నెలో పోశాడు. ఖాళీ గిన్నెను గుడి మెట్టు మీద పెట్టి రాయితో కొట్టి చదును చేశాడు. మరుసటి రోజే అతని ఉపదేశి పని పోయింది. సొంత పేటవాళ్ళే అతన్ని కాలవ గట్టు మీద పడేసి కొట్టారు. అడ్డం వచ్చిన అననీయ అనే కుర్రవాడికి కనుబొమ మీద చర్మం చీలి, ఆ మచ్చ జీవితాంతం ఉండిపోయింది. అయినా జక్కరయ్య ఆగలేదు. పడమటి పేట పిల్ల సిలువమ్మను పెళ్ళి చేసుకున్నాడు. దాంతో ఇద్దరికీ రెండు పేటల బావులూ మూసుకుపోయాయి. ఏటా ఎండాకాలం కాలవలో నిలిచిన నీళ్ళే తాగారు. ఆ నీళ్ళకే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నాలుగో ఏట పోయింది.

బిడ్డ పోయిన వారానికి వాళ్ళు కాలవ గట్టు మీద, రెండు పేటలకూ మధ్యన, మట్టిగోడల మందిరం కట్టుకున్నారు. కంచరివాడి దగ్గర కళాయి పెట్టిన ఇత్తడి గిన్నె ఒకటి చేయించారు. మొదటి ఏడు పదకొండు కుటుంబాలు వచ్చాయి. పదేళ్ళకి నలభై. జక్కరయ్య ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఒక్క గిన్నెనే అందరి పెదవులకూ అందించాడు. తరువాత ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. రెండు పేటలూ ఏడ్చాయి. తూర్పు పేట సమాధుల తోటలో పాతిపెట్టి, పైన పాలరాయి వేయించారు.

ఇది జరిగిన తొమ్మిదేళ్ళకు ఓబద్యాగారు ఆ సంఘానికి బోధకుడిగా వెళ్ళారు. అప్పుడాయనకు ఇరవై ఆరేళ్ళు. జక్కరయ్యగారి సంఘమంటే ఆ చుట్టుపక్కల జిల్లాల్లో ఎంత పేరో, అంత పొంగిపోతూ వెళ్ళారు. మట్టి మందిరం పోయి పెంకుటి మందిరం వచ్చింది. లోపల గోడ మీద జక్కరయ్యగారి పటం, దానికి కాగితం పూల దండ. పక్కన ఆయన పేరు మీదే చిన్న బడి. ఓబద్యాగారు ఇవన్నీ చూసుకుంటూ నడిచి బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయారు. బల్ల మీద ఇత్తడి గిన్నె ఉంది. దాని పక్కన అల్యూమినియం గిన్నె ఒకటి ఉంది.

"ఇదేంటండీ పెద్దగారూ?" అని అడిగారు.

పెద్దగారంటే ఆ అననీయే. కనుబొమ మీద మచ్చ అలాగే ఉంది. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"జక్కరయ్యగారు పోయిన రెండో ఏడు కలరా వచ్చిందండి. ముందు పడమటి పేటలో వచ్చింది. అందుకని ఒక్క నెల, ఒకే ఒక్క నెల, వాళ్ళకి వేరే గిన్నె పెట్టాం. ప్రాణాలు పోతుంటే ఏం చేస్తామండీ?"

"కలరా పోయి ఏడేళ్ళయింది గదండీ."

"పోయింది. కానీ అప్పటికే వాళ్ళకి అది అలవాటైపోయిందండి. మీరే అడగండి, వాళ్ళే వద్దంటారు."

ఓబద్యాగారు వెళ్ళి అడిగారు. పడమటి పేట పెద్ద యోబు చాప వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నెమ్మదిగా చెప్పాడు. "మమ్మల్ని జబ్బు మనుషులని పక్కనబెట్టినవాళ్ళు ఇప్పుడు రమ్మంటే వెళ్ళిపోవడానికి మాకు సిగ్గులేదా అయ్యగారూ? మా గిన్నె మాకుంది. మా వరుస మాకుంది. జక్కరయ్యగారంటే మాకూ ప్రాణమే. ఆయన్ని తలుచుకునే స్మారక ఆదివారానికి ఏటా వంట మాదే."

ఇద్దరి మాటల్లోనూ తప్పు పట్టుకోవడానికి ఓబద్యాగారికి ఏమీ దొరకలేదు. అది ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

సిలువమ్మ అప్పటికి గుడికి రావడం మానేసి ఏడేళ్ళయింది. కాలవ గట్టు మీద పాత మట్టి మందిరం గోడల్లో ఒకదానికి తాటాకులు ఆనించుకుని, దాని కింద ఉంటోంది. ఓబద్యాగారు వెళ్ళేసరికి చేటలో నూకలు ఏరుకుంటోంది. గుడికి ఎందుకు రావడం లేదని ఆయన అడిగారు.

"వస్తే నాకు ఏ గిన్నె ఇస్తావు బాబూ?" అంది చేటలోంచి తల ఎత్తకుండానే.

నూకలు ఏరుతూనే మళ్ళీ అంది. "పిల్ల పోయాక, ఈ గోడల మధ్య జరిగిన మొదటి ఆదివారం ఆయన ఆ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. నేను కిందనుంచి పట్టుకున్నాను, ఒలికిపోకుండా. మా ఇద్దరి చేతుల్లోంచి తాగారు వాళ్ళంతా. ఈ అననీయ కూడా తాగాడు. ఆ యోబూ తాగాడు. అంతకంటే వాళ్ళకేం చెప్పను? చెప్పేవాడు ముప్పై ఏళ్ళు చెప్పాడు."

"అమ్మా, స్మారక ఆదివారానికి రండి. ఒక్కటే గిన్నె ఉంటుంది. నేను మాటిస్తున్నాను" అన్నారు ఓబద్యాగారు.

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపులో నమ్మకం ఉందని ఆయన అనుకున్నారు. బహుశా జాలి అయి ఉంటుందని ఇప్పుడనిపిస్తుందని మాతో అన్నారు.

స్మారక ఆదివారం వచ్చింది. మందిరం ముందు షామియానా, మైకు, 'ఒకే ప్రభువు, ఒకే గిన్నె' అని రాసిన గుడ్డ. మిషను పెద్దలు కారులో వచ్చారు. సిలువమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చింది. తూర్పు వరుసలో జరిగి చోటిచ్చినవాళ్ళు లేరు. పడమటి వరుసలోనూ లేరు. ఆవిడ మధ్య ఖాళీలో నేల మీద కూర్చుంది.

ఆరాధనకు ముందు ఓబద్యాగారు అల్యూమినియం గిన్నెను తన చేత్తో తీసి లోపలి గదిలో పెట్టారు. కీర్తన అయ్యేలోపు అననీయ దాన్ని తెచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టి, రెండింట్లోనూ ద్రాక్షారసం పోశాడు. ఓబద్యాగారి చెవిదగ్గరికి వంగాడు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఇవాళ వద్దయ్యా. పైవాళ్ళొచ్చారు. ఇప్పుడు కదిపితే వాళ్ళ కళ్ళముందే సంఘం రెండు ముక్కలవుతుంది. దీనికోసం నేను దెబ్బలు తిన్నాను, మీకు తెలుసు. చీలిపోతే చూడలేను. వచ్చే నెల చేద్దాం. నిదానంగా చేద్దాం."

ఓబద్యాగారు సరేనన్నట్టు తలూపారు. ఊపిన సంగతి ఊపాక గాని ఆయనకు తెలియలేదు.

రొట్టె విరిచారు. తూర్పువాళ్ళు వచ్చి మోకరించి ఇత్తడి గిన్నెలో తాగారు. పడమటివాళ్ళు వచ్చి రెండో గిన్నెలో తాగారు. చివరికి సిలువమ్మ లేచి, ఒక్కతే, మధ్యలోంచి నడిచివచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఓబద్యాగారు ఇత్తడి గిన్నె అందుకున్నారు. ఆమె భర్త చేయించిన గిన్నె, ఆమె చేతులతో కింద ఆనించి పట్టిన గిన్నె. తూర్పు వరుసలో ఎవరో గట్టిగా దగ్గారు. ఆయన చెయ్యి ఆగింది. ఎడమచేత్తో రెండో గిన్నె అందుకున్నారు. పడమటి వరుసలోంచి యోబు లేవకుండానే అన్నాడు. "ఆవిడ మమ్మల్ని కాదనుకుని వెళ్ళిన మనిషి అయ్యగారూ."

రెండు చేతుల్లో రెండు గిన్నెలతో ఓబద్యాగారు నిలబడిపోయారు. ఒకదాన్ని ఇంకొకదాంట్లో వంచడానికి ఎంత బలం కావాలి? ఒక మణికట్టు తిప్పితే చాలు. ఆయన తిప్పలేదు. తరువాత యాభై ఏళ్ళు ఆ మణికట్టుతో ఎన్నో బాప్తిస్మాలిచ్చారు, ఎందరికో పెళ్ళిళ్ళు చేశారు. ఆ ఒక్కటీ చేయలేకపోయారు.

సిలువమ్మ రెండు గిన్నెలనూ చూసింది. చేతులు జోడించి, బల్లకు గాక ఆయనకే దండం పెట్టింది.

"ఎత్తి పట్టుకోకు బాబూ, చేతులు నొప్పెడతాయి. కింద పెట్టెయ్" అంది.

లేచి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మిషను పెద్దగారు లేచి జక్కరయ్యగారి ఒక్క గిన్నె గురించి గంటన్నరసేపు మాట్లాడారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఓబద్యాగారు కూడా.

వచ్చే నెల రాలేదు. అంటే నెల వచ్చింది గాని, అననీయకు జబ్బు చేసింది; ఆ పై నెల కోతలు; ఆ పై నెల ఇంకేదో. శ్రావణంలో సిలువమ్మ పోయింది. ఆవిణ్ణి భర్త పక్కన పెట్టడానికి తూర్పువాళ్ళు ఒప్పుకోలేదు. పాలరాయి పక్కన చోటు లేదన్నారు. పడమటివాళ్ళు ఆవిడ తమ తోటలో మనిషి కాదన్నారు. ఓబద్యాగారు మధ్యాహ్నం దాకా రెండు పేటలకూ మధ్య తిరిగి తిరిగి, చివరికి కాలవ తవ్వడానికి ఎక్కడినుంచో వచ్చిన కూలీలను నలుగురిని బతిమాలుకున్నారు. వాళ్ళ భాష ఆయనకు రాదు, ఆయన భాష వాళ్ళకు రాదు. వాళ్ళు వానలో గట్టు మీదే గొయ్యి తీసి, ఆవిణ్ణి మెల్లగా, సొంత తల్లిని దించినట్టు దించారు. వాళ్ళది ఏ మతమో ఆయన అడగలేదు. ప్రార్థన చేద్దామని నోరు తెరిస్తే మాట రాలేదు. ఆ నలుగురూ ఆయన మొదలుపెడతారేమోనని తడుస్తూ చాలాసేపు నిలబడ్డారు.

ఆ నెలలోనే ఆయన బదిలీ అడిగి వెళ్ళిపోయారు. స్మారక ఆదివారం ఇప్పటికీ ఏటా జరుగుతోందట. పోయినసారి ఆయన్ని కూడా పిలిచారట, శాలువా కప్పడానికి.

చెప్పడం అయిపోయింది. గమలీయేలు మళ్ళీ అడిగినప్పుడు అది మొదట అడిగిన గొంతు కాదు.

"మరి ఆ దిద్దుబాటును కూలగొట్టింది ఎవరంటారు అయ్యగారూ? అననీయగారా, యోబుగారా?"

ఓబద్యా అయ్యగారు పాఠం పుస్తకం మూసి అతనివైపు తిరిగారు.

"కూలగొట్టినవాడు ఒక్కడూ లేడు నాయనా. అందరం కాపాడినవాళ్ళమే."