గడప దగ్గరి గాలి

కొత్తగా కడుతున్న క్షయ వార్డులో గాలి ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే పని గౌరునాయుడిది. జలాలుద్దీన్ మాస్టారి దగ్గర అతని పరిశోధన కూడా అదే.

పీడనం తెలిస్తే గాని గాలి వేగం తేలదు. వేగాల లెక్క సరిపోతే గాని ఆ పీడనం సరైనదో కాదో తేలదు. వార్డు పటాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒకదాన్ని ఊహించి రెండోదాన్ని పట్టుకుంటూ, రెండోదాన్ని బట్టి మొదటిదాన్ని దిద్దుకుంటూ ఎనిమిది నెలలు గడిపాడు.

చివరికి ఏ గడిలో చూసినా వచ్చిన గాలికీ పోయిన గాలికీ సరిపోయింది. ఒక్క చిక్కు మిగిలింది. పీడనం అంకెలు చదరంగం బల్లలా తయారయ్యాయి. ఒక గడిలో ఎక్కువ, పక్క గడిలో తక్కువ, మళ్లీ ఎక్కువ. చుట్టుపక్కల అంకెలతో సగటు తీసి వాటిని నున్నగా చేసేశాడు.

"లెక్క కుదిరింది మాస్టారూ. రోగుల గదిలో గాలి పక్కగదుల్లోకి పోదు," అన్నాడు.

మాస్టారు తెర మీద పీడనం బొమ్మ చూశారు. "నున్నగా చెయ్యకముందు ఎలా ఉంది?"

గౌరునాయుడు చూపించాడు. "అది కంప్యూటర్ చేసే గోల మాస్టారూ. పట్టించుకోనక్కర్లేదు."

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "పీడనం కొలిచే గేజి పట్టుకురా."

వార్డులో మూడు గదులు వరుసగా ఉన్నాయి. మధ్యది రోగులకు, అటూ ఇటూ నర్సులకు. మధ్యగది గోడలో ఫ్యాను బయటిగాలిని లోపలికి తోస్తోంది. హెడ్ నర్సు సలోమి ఎడమవైపు తన గది చూసుకోడానికి వచ్చి ఉంది.

"ఎడమగదిలో ఎంతుంది?" అని అడిగారు మాస్టారు.

గౌరునాయుడు కొలిచి చెప్పాడు.

"కుడిగదిలో?"

"అంతే ఉంది మాస్టారూ. రెండు పక్కలా సమానం గనక మధ్యగది గాలి ఎటూ పోదు."

"మధ్యగదిలో ఎంతుందో చూశావా?"

"లేదు. ఒక గడిలో వేగం కావాలంటే దానికి అటున్న గడినీ ఇటున్న గడినీ చూస్తాను. ఆ గడి పీడనంతో నా సూత్రానికి పనిలేదు."

మాస్టారు సంచిలోంచి అగరొత్తి తీసి, వెలిగించి, అతని చేతికిచ్చారు. "వెళ్లి మధ్యగదికీ ఎడమగదికీ నడుమ ఉన్న ఆ గడప మీద నిలబడు."

గౌరునాయుడు తటపటాయించాడు. గడప తొక్కితే వాళ్లమ్మ ఊరుకునేది కాదు. మెల్లిగా కాలు పెట్టాడు.

పొగ పైకి లేవలేదు. దారం పట్టి లాగినట్టు ఎడమగదిలోకి సాగింది. అతను గబగబా రెండో గడప దగ్గరికి వెళ్లాడు. అక్కడ కుడిగదిలోకి సాగింది.

తిరిగి మొదటి గడప దగ్గరికి వచ్చేసరికి సలోమి తన గదిలో నిలబడి ఉంది. పొగ ఆమె మొహం మీదుగా పోతోంది.

"నా బల్ల ఈ మూలకి వేయించుకోనా బాబూ?" అందామె.

గౌరునాయుడు అగరొత్తిని వెనక్కి లాక్కున్నాడు. "ఇప్పుడే వద్దమ్మా. నా లెక్క తప్పింది."

ఆమె వెళ్లిపోయాక కూడా అతను గడప దిగలేదు.

"మాస్టారూ, నా గళ్లూ ఈ గదుల్లాంటివే. పీడనాన్ని గదుల్లోనే ఉండనిస్తాను. వేగాన్ని మాత్రం..." అని ఆగి, తన కాళ్ల కిందికి చూసుకున్నాడు.

"ఆఁ, అక్కడే," అన్నారు మాస్టారు.