పాట చివరి పేరు

ఆ రోజు పొద్దున్నుంచి ఉరుకుందు గురువుతో మాట్లాడలేదు. కోపం గురువు మీద కాదు, గురువు తరఫున. అలాంటి కోపానికి అన్నం కూడా సహించదు.

గురువు హుస్సేనప్ప తత్వాలు పాడుతూ ఊరూరా తిరిగే మనిషి. మీసం రాని వయసులో ఏక్‌తార భుజాన వేసుకుని బయల్దేరాడు, గడ్డం నెరిసినా ఇంకా నడుస్తూనే ఉన్నాడు. తత్వం కట్టినవాడు చివరి చరణంలో తన పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. దాన్ని ముద్ర అంటారు. ఇల్లూ వాకిలీ లేని హుస్సేనప్పకి ఈ లోకంలో ఉన్న ఆస్తల్లా ఆ ముద్రే అని శిష్యుడి నమ్మకం.

నిన్న జాతరలో ఒక కుర్ర గాయకుడు మైకు పట్టుకుని హుస్సేనప్ప తత్వమే పాడాడు. చివర ఆయన పేరు పీకేసి తన పేరు తగిలించుకున్నాడు. జనం ఈలలు వేశారు. హుస్సేనప్ప కూడా చప్పట్లు కొట్టాడు. అదీ ఉరుకుందుకి మింగుడుపడనిది.

పత్తి చేల మధ్య బండిబాట. మధ్యాహ్నపు గాలికి దూది పింజలు లేచి తేలుతున్నాయి. ఎండ మిలమిలల్లో ముందు నడిచే గురువు ఉన్నట్టూ లేనట్టూ కనిపిస్తున్నాడు.

"సామీ, బతుకంతా తిరిగి పాడితిరి. పేరు కూడా పోతే ఇంక మిగిలేదేముంది?" అన్నాడు ఉరుకుందు, ఉండబట్టలేక.

హుస్సేనప్ప ఆగాడు. జవాబు చెప్పడానికి కాదు. ఎక్కడో పాట వినిపిస్తోంది.

చేను గట్టున వేపచెట్టుకి చీర ఉయ్యాల. పత్తి ఏరడానికి వచ్చిన ఒకామె దాన్ని ఊపుతూ పాడుతోంది.

"ఎక్కడి బండెక్కి ఎక్కడికి పోతివో
ఎరుక చెప్పి పోరా సుంకన్నా..."

అది హుస్సేనప్ప తన చావు మీద తానే కట్టుకున్న తత్వం. ఇక్కడ జోలపాటై కూర్చుంది, ఆయన ముద్ర ఉండాల్సిన చోట ఇంకెవరి పేరో! ఉరుకుందు గబగబా వెళ్లాడు.

"అమ్మా, ఆ పాటలో పేరు ఎవరిదో తెలుసా నీకు?"

"తెలీకేమి? నా కొడుకుది," అందామె.

హుస్సేనప్ప మెల్లగా వచ్చి ఉయ్యాల పక్కన చతికిలబడ్డాడు.

"తల్లీ, ఆ పాట నాకూ నేర్పుతావా?"

ఆమె ఒక చరణం పాడింది. ఆయన అందుకున్నాడు. "ఎరుక చెప్పి పోవయ్యా..."

"పోవయ్యా కాదు తాతా. పసిబిడ్డ కదా, పోరా అనల్ల."

"పోరా," అన్నాడు హుస్సేనప్ప బుద్ధిగా.

ఆమె పాడుతోంది, ఆయన వంత పాడుతున్నాడు. ఉయ్యాల పోయి వస్తోంది. దూది పింజ ఒకటి ఆయన గడ్డంలో చిక్కుకుంది. పేరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ గొంతు తగ్గించి "సుంకన్నా" అన్నారు.

ఉరుకుందుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. గురువు చెవి దగ్గర వంగాడు.

"సామీ, ఈ పాట మీదేనని ఒక్క మాట చెప్పండి. మీరు చెప్పకుంటే నేనే చెప్తా."

హుస్సేనప్ప శిష్యుడి నోటి మీద చెయ్యి పెట్టాడు.

"మెల్లగా నాయనా. బిడ్డకు ఇప్పుడే కన్ను మూత పడతాంది."