బోరు నీళ్ల ప్లేటు

డాక్టర్ రత్నమణి గారిని ప్రశ్న అడిగితే సమాధానం రాదు, పని వస్తుంది. ఆమె దగ్గర మైక్రోబయాలజీలో పీజీ చేసినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసి అడగడం మానుకున్నవాళ్లూ ఉన్నారు. చైత్ర మానుకోలేదు. కాలేజీ రోజుల్లో చర్చా పోటీలకు వెళ్లి, అవతలివాళ్ల నోరు మూయించి కప్పులు తెచ్చుకున్న పిల్ల. వాదనకు చోటున్న దగ్గర ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

ఆ ఉదయం ఆమె అడిగింది ఇదీ: "మేడమ్, ఒక బాక్టీరియా దగ్గర విషం తయారుచేసే జన్యువు ఉంది. కానీ అది విషం తయారుచేయడం లేదు. దాన్ని దోషి అనాలా, నిర్దోషి అనాలా?"

ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. పై అంతస్తు వార్డులో సిరి అనే ఏడేళ్ల పిల్ల కంఠసర్పితో, అంటే డిఫ్తీరియాతో, పడుకుని ఉంది. గొంతులో బూడిదరంగు పొర కట్టింది. ఆ జబ్బుకు విరుగుడు మందును గుర్రం రక్తం నుంచి తీస్తారు. కొందరి ఒంటికి అది పడదు. పరీక్ష కోసం చర్మం కింద ఒక్క చుక్క వేసేసరికే సిరి చెయ్యి దద్దురెక్కి వాచింది. పూర్తి మోతాదు ఎక్కిస్తే మందే ప్రాణం మీదికి తేవచ్చు. ఎక్కించకపోతే, ఆ బాక్టీరియా విషం చిమ్మే రకమైతే, పిల్ల గుండె దెబ్బతింటుంది. ఆ జాతిలో విషం చిమ్మనివీ ఉంటాయి. సిరి గొంతులోంచి తీసినదానిలో విషపు జన్యువైతే కనిపించింది, చిమ్ముతుందో లేదో తేలలేదు. అందుకే వార్డు డాక్టర్ ఇమ్మానుయేల్ ఎటూ తేల్చుకోలేక, ల్యాబు మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

చైత్ర తన ప్లేటు చూపించింది. ఈ పరీక్ష ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు: జెల్లీలాంటి ఆహారం పోసిన పళ్లెంలో, విరుగుడు మందులో తడిపిన కాగితం పట్టీ పెడతారు. దానికి అడ్డంగా బాక్టీరియాను గీస్తారు. అది విషం చిమ్మితే, విషమూ విరుగుడూ కలుసుకున్న చోట సన్నని తెల్ల గీత పడుతుంది. చైత్ర ప్లేటులో బాక్టీరియా ఏపుగా పెరిగింది. తెల్ల గీత మాత్రం లేదు.

"నిర్దోషి," అని తీర్పు కూడా ఆమే చెప్పేసింది. "జన్యువు ఉంటే సరా మేడమ్? ఇంట్లో కత్తిపీట ఉన్నవాళ్లందర్నీ జైల్లో వేస్తామా?"

రత్నమణి గారు ప్లేటును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. "ఈ రెండోది?"

"మన పాత రకం మేడమ్. విషం చిమ్ముతుందని తెలిసినదాన్ని పక్కన గీయాలి కదా, పోల్చుకోవడానికి. అదీ గీత ఇవ్వలేదు. ఏళ్ల తరబడి ట్యూబుల్లో మగ్గి చచ్చుబడిపోయినట్టుంది."

"జెల్లీ దేంతో కాచావు?"

"డిస్టిల్డ్ వాటర్ మిషన్ చెడిపోయింది. బోరు నీళ్లే వడకట్టి కాచాను. చూడండి, ఎప్పుడైనా ఇంత బాగా పెరిగాయా?"

మేడమ్ సింకు వైపు చూశారు. బోరు కుళాయి కింద తెల్లటి పింగాణీ మీద తుప్పు చార ఎర్రగా దిగి ఉంది. ప్లేటు పక్కన పెట్టి ఫోన్ తీశారు.

"ఇమ్మానుయేలూ, మందు మొదలుపెట్టు. బాగా పలచన చేసి, చుక్క చుక్కగా పెంచుకుంటూ పో. పిల్ల పక్కనుంచి లేవకు. లేదు, చూపించడానికి నా దగ్గర రుజువేం లేదు. అది వచ్చేదాకా ఆగే వ్యవధీ లేదు."

చైత్రకు ఒళ్లు మండిపోయింది. "ఇదేం న్యాయం మేడమ్? మీరు నా ప్లేటును లెక్కలోకే తీసుకోలేదు!"

"తీసుకున్నాను. అందుకే ఫోన్ చేశాను."

"మందు పడక ఆ పిల్లకేమైనా అయితే?"

"నేను చేయించానని చెప్పు. ఇప్పుడు వెళ్లి ఇంజెక్షన్లలో కలిపే నీళ్ల సీసాలు పట్రా."

చైత్ర మూతి ముడుచుకుని రెండు ప్లేట్లు తయారుచేసింది. ఒకటి బోరు నీళ్లతో, ఒకటి ఇంజెక్షన్ నీళ్లతో. సిరి గొంతులోని బాక్టీరియానూ, పాత రకాన్నీ రెండింటి మీదా గీసింది. అవి పెరగాలంటే మర్నాటిదాకా ఆగాలి. ఆగలేక మధ్యాహ్నం వార్డుకు వెళ్లింది.

ఇమ్మానుయేల్ సిరంజి పట్టుకుని మంచం పక్కన స్టూలు మీద ఉన్నాడు. అంతకుముందే ఒకసారి పిల్ల పెదవులు ఉబ్బితే మందు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాడట. సిరి తల్లి మంగ చైత్ర కొంగు పట్టుకున్నంత పని చేసింది.

"ఏంటమ్మా, డాక్టరుగారు సూది పట్టుకుని దేవుడికి మొక్కుతున్నట్టు కూచున్నారు?"

"మొక్కుతూనే ఉన్నానమ్మా," అన్నాడు ఇమ్మానుయేల్ తల తిప్పకుండా.

"ఇంత భయపడి ఎక్కించే మందు మా పాపకి అవసరమేనా? నువ్వు చెప్పు తల్లీ."

చైత్ర గబగబా మెట్లు దిగి ల్యాబుకు వచ్చి ప్లేట్లు చూసింది; ఇంకా ఏమీ పెరగలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లేట్లు తీశారు. బోరు నీళ్ల ప్లేటులో రెండూ ఏపుగా పెరిగాయి, గీత లేదు. ఇంజెక్షన్ నీళ్ల ప్లేటులో రెండూ బక్కచిక్కి ఉన్నాయి. పాత రకం పక్కన తెల్ల గీత పడింది. సిరి గొంతులోంచి వచ్చినదాని పక్కనా పడింది, ఇంకా స్పష్టంగా.

"పాతది చచ్చుబడలేదు," అంది చైత్ర మెల్లగా.

జరిగింది ఇంతే. ఆ బాక్టీరియాలో విషపు జన్యువు మీద ఒక ప్రోటీన్ కాపలా ఉంటుంది. చుట్టూ ఇనుము దొరికినంతకాలం అది కదలదు, జన్యువు పనిచేయదు. ఇనుము కరువైతే కాపలా లేచిపోతుంది, విషం మొదలవుతుంది. మన ఒంట్లో ఇనుము లేక కాదు, శరీరం దాన్ని ఇలాంటి వాటికి అందకుండా దాచుకుంటుంది. ఆ గొంతులో దిగిన బాక్టీరియాకు కరువే. ఇదంతా చైత్ర పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఇనుమున్న బోరు నీళ్లు జెల్లీలో పోస్తున్నప్పుడు గుర్తురాలేదు, అంతే.

ఆమే వార్డుకు ఫోన్ చేసింది. "సార్, విషం చిమ్మే రకమే." పూర్తి మోతాదు లోపలికి వెళ్లిందనీ, వాపు దిగిందనీ, సిరి రెండు గుక్కల నీళ్లు మింగిందనీ ఇమ్మానుయేల్ చెప్పాడు. గుండెను ఇంకొన్ని వారాలు కనిపెట్టి చూడాలన్నాడు.

ఫోన్ పెట్టేసి చైత్ర రెండు ప్లేట్లనూ పక్కపక్కన పెట్టింది. ఓడిపోవడం ఆమెకు అలవాటు లేదు.

"అయితే మొదటి ప్లేటు నాతో అబద్ధమాడింది మేడమ్."

రత్నమణి గారు చేతులు తుడుచుకుంటున్నారు.

"అబద్ధమెందుకు ఆడుతుంది? విస్తరి వేసి, కడుపునిండా పెట్టి, నువ్వు మంచివాడివేనా అని అడిగావు. ఎవడు కాదంటాడు?"