మంచు మీద చెరువు, ఏట్లో దిబ్బ

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, కొండలంత ఎత్తున మంచు పేరుకుపోయిన నేల ఒకటుంది. ఆ మంచు అంచున, ఏటి ఒడ్డున తుహిన అనే జింక తన కూనతో మేస్తుండేది. ఆ వేసవి ఎండ ముందే ముదిరింది. ఒడ్డున గడ్డి అయిపోయి తుహినకు పాలు తగ్గాయి. ఏటి నడిమి దిబ్బ మీద మాత్రం పచ్చగా ఉంది.

ఒడ్డున గుడారాలు వేసుకున్న మనుషులు ఒక పొద్దున హడావిడిగా సామాను సర్దుకుని కొండెక్కేశారు. తుహిన మేత మాని వాళ్లు వెళ్లిన వైపే చూసింది.

గుడారాల దగ్గర ఎంగిలి ఏరుకునే ముసలి కాకి వచ్చి వాలింది. "వాళ్ల ఉపగ్రహం పైనుంచి మంచును ఫొటోలు తీస్తుందమ్మా. కరిగిన నీళ్లు మంచు మీదే చెరువు కట్టాయట. మొన్న చుక్కంత ఉన్నది ఇప్పుడు లోయంత అయిందట. తెగితే ఈ ఏట్లోకే."

"మనకు ఏ చెరువూ కనబడటం లేదే, మావయ్యా?"

"మనం కింద ఉన్నాం కదమ్మా."

చాటుగా విన్న నక్క ముందుకొచ్చింది. కూన ఏట్లో దిగి తడబడితే చాలు, పట్టుకు తినడం తనకు సులువు.

"ఆకాశంలో తిరిగే డబ్బాకు మన ఏటి సంగతేం తెలుసు, చెల్లెమ్మా? నీళ్లు మోకాలి లోతు లేవు. పాలు లేక బిడ్డ డొక్కలు ఎలా ఎండాయో చూడు."

ఆ మాట తుహినకు ములుకులా గుచ్చుకుంది. ఒక కాలు నీళ్లలో పెట్టింది. నిన్నటికన్నా చల్లగా, బురదగా ఉన్నాయి. కాలు వెనక్కి తీసుకుంది.

"నాకు భయంగా ఉందన్నా. ముందు నువ్వెళ్లి దిబ్బ మీద నిలబడు. నీ వెనకే వస్తాం."

కాదంటే తన మాట తేలిపోతుంది. పైగా కాకి కబుర్ల మీద నక్కకు నమ్మకం లేదు. నవ్వుతూ దాటి దిబ్బెక్కింది. "చూశావా, తోకైనా తడవలేదు. రా."

తుహిన కదల్లేదు. మంచు లోపల ఎక్కడో ఉరిమినట్టయింది. కూనను ముట్టెతో నెట్టుకుంటూ కొండ వైపు పరుగెత్తింది. వెనక నుంచి మంచుగడ్డలతో బూడిదరంగు నీళ్లు లోయ నిండా దూకాయి.

ఆయాసపడుతూ పైనుంచి చూస్తే దిబ్బ లేదు, గడ్డీ లేదు. నీళ్ల మధ్య ఒక బండను కరుచుకుని నక్క వణుకుతోంది.

"చెల్లెమ్మా, ఈ నీళ్లు ఎప్పుడు తీస్తాయి?"

"నాకేం తెలుసన్నా? పైనుంచి చూసేవాళ్లనే అడగాలి."

భయం లేదని నమ్మబలికేవాణ్ణి ముందు నడవమనడమే మేలు.